వరద తీశాక ఇంట్లో పొంచి ఉండేవి

2024 ఆగస్టు 31న పట్టుకున్న కుండపోతకు కోదాడలో కాలనీలు మునిగాయి. మర్నాడు నడిగూడెం మండలం కాగిత రామచంద్రాపురం దగ్గర సాగర్ ఎడమ కాల్వకు గండి పడింది. గోదావరి లంకల్లా తరచూ మునిగే ఊళ్లు కావు మన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ. అందుకే నీళ్లు తీశాక ఏం చేయాలన్న దానిపై ఇక్కడ అపోహలే ఎక్కువ.

అపోహ: కరెంటు పోయింది కదా, ఇంట్లోకి దిగొచ్చు.

వాస్తవం: పోయింది లైను కరెంటు. మెట్ల కింద ఇన్వర్టర్ పనిచేస్తూనే ఉంటే సాకెట్లకు 230 వోల్టులు వెళుతూనే ఉంటాయి. లైను కూడా ఏ క్షణమైనా రావచ్చు. మెయిన్ స్విచ్, ఇన్వర్టర్ దాకా పొడి నేల మీద నడిచి వెళ్లగలిగితేనే రెండింటినీ ఆపండి. లేదంటే లైన్‌మన్‌కు చెప్పి బయటే సరఫరా ఆపించండి, ఇన్వర్టర్ ఆగేదాకా లోపలికి దిగొద్దు. తడిసిన ఫ్రిజ్, మోటారు ఎండలో పెడితే పైకి ఆరతాయి గానీ లోపలి బురద పోదు. ఎలక్ట్రీషియన్ చూడకుండా స్విచ్ వేయొద్దు.

అపోహ: వాన నీళ్లే కదా, ఏమవుతుంది?

వాస్తవం: గుమ్మం దాటేసరికి అవి వాన నీళ్లు కావు. మోరీలు, సెప్టిక్ ట్యాంకులు, పశువుల కొట్టాలు, మందు కొట్టిన పొలాలు అన్నీ కడుక్కుని వస్తాయి. ఎలుకల మూత్రం కలిసిన నీళ్లు కాలి పగుళ్లకు, గాయాలకు తగిలితే లెప్టోస్పైరోసిస్ రావచ్చు. సాధారణంగా రెండు రోజుల నుంచి రెండు వారాల లోపు జ్వరం, పిక్కల నొప్పులు, కళ్లు ఎర్రబడడం మొదలవుతాయి. డాక్టరు దగ్గరికి వెళ్లగానే వరద నీళ్లలో తిరిగామని చెప్పండి. ఆ ఒక్క మాటతో జబ్బు తొందరగా పట్టుబడుతుంది. బూట్లు, రబ్బరు గ్లౌజులు లేకుండా బురదలో చేయి పెట్టొద్దు. గాయమైతే టీటీ ఇంజెక్షన్ గురించి అడగండి.

అపోహ: బ్లీచింగ్ చల్లితే సరిపోతుంది.

వాస్తవం: బురద మీద చల్లిన బ్లీచింగ్ శక్తంతా బురదకే ఖర్చయిపోతుంది. ముందు తడి ఆరకముందే బురద ఎత్తిపోయాలి. బీరువా కాళ్ల కింద, తలుపు చట్రం సందుల్లో, గ్యాస్ బండ వెనక దాక్కున్నది కూడా. తర్వాత సర్ఫుతో కడగాలి. ఆ పైన 20 లీటర్ల బకెట్‌కు 50 గ్రాముల బ్లీచింగ్ కలిపి తుడిచి, పది నిమిషాలు తడిగా వదిలేయాలి. కిటికీలన్నీ తెరవండి. బాత్రూం యాసిడ్‌తో మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ కలపొద్దు. క్లోరిన్ వాయువు పుట్టి ఊపిరాడకుండా చేస్తుంది.

అపోహ: పటిక వేస్తే తాగొచ్చు.

వాస్తవం: పటిక మట్టిని అడుక్కి దించుతుంది, క్రిములను చంపదు. తేరిన నీళ్లను తెర్లేలా మరిగించి తాగండి. మునిగిన సంపును తోడి, కడిగి, క్లోరిన్ వేశాకే వాడండి.

అపోహ: తడిసిన బియ్యం ఎండబెట్టి వండుకోవచ్చు.

వాస్తవం: మిర్యాలగూడ లాంటి రైస్ మిల్లుల ఊళ్లో బియ్యం పారబోయమంటే ఎవరికైనా ప్రాణం ఒప్పదు. కానీ వరద నీళ్లు పీల్చుకున్న గింజలోని మురికి ఎండతో పోదు. బూజు పట్టాక పుట్టే విషాలు వండినా పూర్తిగా పోవు. అందుకే పారబోయక తప్పదు. అయితే పేదింటికి తిండిగింజలు మొదటి రోజే అందాలి. అవి చేతికి రాకుండా ఉన్నవి పారేయమని చెప్పడం అన్యాయం.

నష్టపరిహారం రాసుకునేవాళ్లు వచ్చేదాకా ఇల్లు కడగకూడదని కొందరు అలాగే వదిలేస్తారు. రెండు రోజుల్లోనే గోడలకు, పరుపులకు బూజు పట్టవచ్చు. గోడ మీద నీటి చార, పాడైన సామాను కనిపించేలా ఫోనులో ఫోటోలు తీసుకుని, వెంటనే పనిలోకి దిగండి.