ఊసులేని గేటు

సింగూరు గేట్ల సంగతి జోగిపేట వారికి ఒకరు చెప్పనక్కరలేదు. ఎగువ వానలకు మంజీర నిండి పారు దినములలో “గేట్లెత్తిండ్రా?” అని యెవరైన అడిగినచో, ఔననియో కాదనియో తప్ప మూడవ జవాబు లేనట్లే తోచును. ఇట్టి రెండుమాటల తర్కమునకు గణితరూపమొసగి 1854లో గ్రంథస్థము చేసిన ఆంగ్లేయుడు జార్జి బూలు పేరే నేడు కంప్యూటరు భాషలలో ‘బూలియన్’ అయి నిలిచినది.

ఆ గేట్లను ఒక ప్రోగ్రాము కనిపెట్టుచున్నదనుకొందము. 1995లో బ్రెండన్ ఐక్ రూపొందించిన జావాస్క్రిప్టులో, ప్రతి గేటు పేరునకెదుట, తెరచియున్న ‘ట్రూ’ అనియు, మూసియున్న ‘ఫాల్స్’ అనియు వ్రాసి కూర్చిన పట్టీ ఒక ‘ఆబ్జెక్టు’ అగును. అందలి విలువలను వరుసగ తీసి, ఒక్కటైన తెరచియున్నదా యని ‘సమ్’ చేతను, అన్నియు మూసియున్నవా యని ‘ఎవ్రీ’ చేతను అడుగవచ్చును.

అయితే ఒక గేటునుండి కబురే రాలేదు. దాని పేరు పట్టీలో లేదు. పేరుపెట్టి అడిగినచో ‘అన్‌డిఫైన్డ్’ అని బదులు వచ్చును, ఆశ్చర్యార్థక చిహ్నముంచి “తెరచి లేదు కదా?” యని అడిగినచో, ఆ లేమియు ‘ఫాల్స్’ తోడనే జమపడి, గేటు మూసియున్నట్లే తేలును. ఇంతకంటె ఘోరమైనది, ఉన్న విలువలనే ఏకరువు పెట్టు ‘ఎవ్రీ’కి లేని గేటు కంటబడనే పడదు; పట్టీ యంతయు శూన్యమైనను, తెరచియున్నదన్న విలువ ఒక్కటియు లేదు గావున, అన్నియు మూసియున్నవని నిస్సంకోచముగ పలుకును. తర్కమున ఇది దోషము కాదు. దిగువ నీటిలో పశువులను కడుగువానికి మాత్రము ప్రాణాపాయము. కొటేషన్ గుర్తుల నడుమ వచ్చిన ‘ఫాల్స్’ అను మాట, ఖాళీ కాని మాటయగుటచే, ‘ట్రూ’గ చెల్లుట మరియొక చిక్కు.

బడిలో పంతులు బెంచీల మీది పిల్లలను లెక్కించి ఊరకుండక, హాజరుపట్టీ తెరచి ఒక్కొక్క పేరే పిలుచును గదా! అట్లే గేట్ల పేర్లన్నియు వేరొక జాబితాగ ముందే ఉంచుకొని, దాని ననుసరించి ఆబ్జెక్టును అడుగుచు, ప్రతి విలువయు మూడు సమానచిహ్నముల కొలతకు ‘ఫాల్స్’ అగునో కాదో చూడవలెను. అప్పుడు ఊసులేని గేటు మూసినవానిలో చేరదు. ట్రూయు కాక ఫాల్సును కాక మిగిలిన ఆ పేరును తెరపై చూపి, అచటికి మనిషిని పంపుడని వ్రాయుటకు మరి రెండు పంక్తులు చాలును.