పూల అత్తరు - దాని శుద్ధి

పటాన్‌చెరు నుండి సంగారెడ్డి మీదుగా హత్నూర వెళ్లువారికి దారిపొడవునను వాసనలు మారుచుండును. రసాయన కర్మాగారముల దాపున ద్రావకముల ఘాటు ముక్కునకు తగులును. పొలముల నడుమకు రాగానే తడిసిన నేలవాసన వచ్చును. బస్సులో ముందు కూర్చున్న ఇల్లాలి జడలోని మల్లెలు ఈ రెండింటిని మరపించును. ఇట్టి చోట నివసించువారు అత్తరు సీసా చేత పుచ్చుకొని, ‘ఇది శుద్ధమైనదేనా?’ అని అడుగుటలో వింత లేదు. ఆ ప్రశ్నకు సమాధానము దొరకవలెనన్న, పూవులోని వాసన సీసాలోనికి ఏ దారిని వచ్చినదో ముందు తెలిసికొనవలెను.

హైదరాబాదులో చార్మినారు చుట్టుపట్ల అత్తరు అంగళ్లు తరతరములుగా ఉన్నవి. ఈ విద్యకు పేరొందిన పుట్టినిల్లు ఉత్తరప్రదేశమందలి కన్నౌజు. అచటి పాత పద్ధతి ఇట్లుండును. వేకువనే కోసిన గులాబీలను నీటితో రాగికాగులో వేసి, మూత చుట్టును మట్టితో మెత్తి, సన్నని మంట పెట్టుదురు. పూలవాసనను మోసికొనివచ్చు ఆవిరి వెదురుగొట్టము గుండ పోయి, చల్లని నీటిలో ఉంచిన మరియొక పాత్రలో దిగును. ఆ పాత్రలో ముందుగనే చందనతైలము పోసి యుంచుదురు. ఆవిరి నీరగును, వాసన తైలమును అంటుకొనును. అడుగున చేరిన నీటిని మరల కాగులో పోసి, క్రొత్త పూలతో ఇట్లే పలుదినములు చేయుదురు. మంట హెచ్చినచో పూలు మాడి, అత్తరు కమురు కంపు కొట్టును. అందుచే పనివాడు పాత్రను మాటిమాటికి చేతితో తాకి వేడిని కనిపెట్టుచుండును.

ఏ తైలమును కలుపక గులాబీనూనెను మాత్రమే తీయదలచినచో, ఒక్క కిలో నూనెకు సుమారు 3,000 నుండి 5,000 కిలోల పూలు కావలెను. చవుకగా దొరకు ‘అసలు గులాబీ’ని గూర్చి సందేహింపవలసినది ఇందుకే.

చందనతైలము పూలవాసనను అణచదు, త్వరగా ఎగిరిపోనీయదు. అత్తరు మెత్తదనమునకు సగము కారణ మిదియే. కాని చందనవృక్షములు తరిగి, ధర పెరుగుటచే, పెక్కుచోట్ల దానికి బదులు ద్రవ పారఫిన్, డైఇథైల్ థాలేట్ వంటివి వచ్చినవి. మొదటిది పెట్రోలియము నుండి తీయు నూనె. రెండవది ప్లాస్టిక్కు పరిశ్రమలోను వాడు ద్రవము. వీనికి చెప్పుకొనదగిన వాసన లేదు. కనుక కొనువారి ముక్కునకు ఇవి పట్టుబడవు.

మల్లెజాతి పూలకు మంట సరిపడదు. అయితే అవి కోసిన పిదప కూడ గంటల తరబడి పరిమళమును పుట్టించుచునే యుండును. ఈ గుణము నెరిగి మనవారు నువ్వులను, పూలను పొరలు పొరలుగా పరచి, వాడిన పూలు తీసి క్రొత్తవి వేయుచు, పిమ్మట ఆ నువ్వులను గానుగాడించి తలనూనె తీసెడివారు. ఫ్రాన్సులోని గ్రాస్ పట్టణమున నువ్వులకు బదులు కొవ్వును వాడిరి. నేడు పెద్దయెత్తున హెక్సేన్ అను ద్రావకముతో పరిమళమును లాగి, తరువాత ద్రావకమును తొలగింతురు.

మల్లెలో ఇండోల్ అను పదార్థము కొద్దిగా కలదు. కొంచెమైనచో అది పూవునకు నిండుదన మిచ్చును, మితిమీరినచో దుర్గంధము. సౌమ్యమైన పరిమళము చేయువారు దానిని తగ్గించి, మల్లెవాసనకు దగ్గరిదైన మిథైల్ డైహైడ్రోజాస్మొనేట్‌ను కర్మాగారమున తయారుచేసి కలుపుదురు. 1966లో వెలువడిన ‘ఓ సొవాజ్’ అను ఫ్రెంచి పరిమళము దీనికి ప్రసిద్ధి తెచ్చినది. కనుక కృత్రిమమన్న ప్రతిదియు మలినము కాదు.

అట్లే, ప్రకృతిసిద్ధమన్న ప్రతిదియు నిరపాయము కాదు. పూలలో సహజముగా నుండు లినలూల్ గాలి తగిలి పాతబడినపుడు కొందరి చర్మమునకు దురద కలిగించును. సీసాను గట్టిగా బిగించి చీకటిలో ఉంచవలెను. క్రొత్త అత్తరును మోచేతి మడతలో కొంచెము రాచి, రెండు దినములు చూచిన పిదపనే వాడవలెను. అన్నిటికంటె ముందు, పూలవాసనను ఏ నూనెలో నిలిపినారో వర్తకుని అడుగవలెను.

శుద్ధిని గూర్చి మరియొక మాట మిగిలినది. గులాబీల కాగునుండి దిగిన నీరు పన్నీరై పెండ్లిలో అతిథులపై చల్లబడును. ద్రావకములతో పని జరుగుచోట మిగులు నీరు అట్టిది కాదు. పటాన్‌చెరు ప్రాంతపు కర్మాగారముల వ్యర్థజలము నక్కవాగులో కలియుట, వాగు ఒడ్డు పొలములు చెడుట, 1990లో ఆ తగవు సుప్రీంకోర్టుకెక్కుట ఈ సీమవారు ఎరిగినవే. అవి అత్తరు చేసినవి కావు. అయినను ద్రావకమును మందులకు వాడినను, మల్లెలకు వాడినను, వాడినవారు దానిని పట్టి శుద్ధి చేయనిచో అది చేరునది వాగునకే. సీసాపై ‘శుద్ధము’ అని వ్రాసియున్నచో, ఆ మాట సీసాకు మాత్రమేనా, దానిని చేసిన ఊరి నీటికి కూడనా అని హత్నూర ఇల్లాలు అడుగవచ్చును. ఆమె అడుగదగినదే.