సంతకం పెట్టే చెయ్యి ఆడుతుండగానే

తెలంగాణ-మహారాష్ట్ర సరిహద్దులోని డోంగ్లిలో తెలుగుతో పాటు మరాఠీ కూడా ఇంటి మాటే. 1956 పునర్విభజనలో దెగ్లూరు తాలూకా నుంచి బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లను తెంచి ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. దెగ్లూరు మాత్రం బొంబాయి రాష్ట్రానికి పోయింది. సరిహద్దు మారినా వియ్యాలు ఆగలేదు. అందుకే రెండు వైపులా భూమి ఉన్న ఇంట్లో పెద్దమనిషి పోతే ఇటు తహసీల్దారు దగ్గర విరాసత్ (వారసుల పేరుమార్పు), అటు మహారాష్ట్రలో తలాఠీ దగ్గర సాత్‌బారా (7/12 భూమి పత్రం) అని వారసులు రెండు ఆఫీసులు తిరగాలి.

ఆ తిరుగుడు తగ్గించేది వీలునామా. దానికి స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. సంతకమో వేలిముద్రో వేసేటప్పుడు ఇద్దరు సాక్షులు చూసి, వాళ్లూ సంతకం చేయాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అయినా చేయించమనే నా సలహా. తర్వాత పేచీ పెట్టేవాళ్లకు నోరు తగ్గుతుంది. రెండు రాష్ట్రాల సర్వే నంబర్లూ అందులోనే రాయొచ్చు. ముస్లిం కుటుంబాల లెక్క వేరు: వారసుల ఒప్పుదల లేకుండా మూడో వంతుకు మించి వీలునామా చెల్లదు.

రాయకుండా పోతే హిందూ కుటుంబంలో మగమనిషి స్వార్జితం భార్యకు, తల్లికి, కొడుకులకు, బిడ్డలకు సమంగా పోతుంది. దెగ్లూరు వైపు ఇచ్చిన బిడ్డకూ అంతే వాటా. 2025 ఏప్రిల్ 14న వచ్చిన తెలంగాణ భూభారతి చట్టం కింద వారసులకు నోటీసులిచ్చి, విచారించాకే పేరు మారుస్తారు. ‘ఆమెకు కట్నం ఇచ్చినం కదా’ అన్న వాదన అక్కడ నిలవదు.

బ్యాంకులో నామినీ ఉన్నాడుగా అని ధీమా పడేవాళ్లు చాలామంది. నామినీ డబ్బు చేతికి తీసుకుంటాడంతే, వారసుల హక్కు పోదు. బతికుండగానే పిల్లలకు గిఫ్ట్ డీడ్ రాసేవాళ్లు ‘మమ్మల్ని చూసుకోవాలి’ అన్న షరతు అందులో పెట్టించాలి. 2007 నాటి వృద్ధుల సంక్షేమ చట్టం కింద ఆర్డీవో ముందు రద్దు కోరేటప్పుడు పనికొచ్చేది ఆ వాక్యమే.

అసలు చిక్కు మంచాన పడ్డప్పుడు. ముందే జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) రాసిచ్చాం కదా అనుకుంటారు. రాసిచ్చిన మనిషికి మతి తప్పితే, 1872 కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం ఆ అధికారం అక్కడితో ముగుస్తుంది. అంటే అవసరం పడ్డ రోజునే ఆ కాగితం చెల్లదు! కోమాలో ఉన్నవాళ్ల ఆస్తికి సంరక్షకులుగా నియమించమని హైకోర్టుకు పోవాలి. డోంగ్లి రైతును హైదరాబాద్ పొమ్మనే ఈ లోటును చట్టసభలు ఇంతకాలం వదిలేయడం అన్యాయం. దానికి చట్టం వచ్చేదాకా, భార్యాభర్తలు ఇద్దరిలో ఎవరైనా తీసుకోగల జాయింటు ఖాతా పెట్టుకుంటే కనీసం దవాఖాన ఖర్చుకు చెయ్యి ఆడుతుంది.

ఆస్తి సంగతి అలా ఉంచితే, వైద్యం సంగతీ ముందే రాయొచ్చు: కోలుకునే ఆశ లేనప్పుడు వెంటిలేటర్ వద్దని ముందే రాసిపెట్టే హక్కును సుప్రీంకోర్టు 2018 మార్చి 9న ఒప్పుకుంది. 2023 జనవరిలో పద్ధతి సులువు చేసింది: ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ చాలు. దాని కాపీ ఒకటి స్థానిక సంస్థ నియమించిన అధికారికీ ఇవ్వాలి. మీ ఊళ్లో ఆ బాధ్యత ఎవరిదో గ్రామ పంచాయతీలో అడగండి, ఇచ్చినట్టు రసీదు తీసుకోండి.