వెనక్కి వాలిన స్తంభం

పిల్లలూ, తాడు లాగుడు ఆట ఆడేటప్పుడు ఒళ్లంతా వెనక్కి వాల్చి లాగుతారు కదా? ఎందుకంటే అప్పుడు మీ చేతుల బలానికి మీ ఒంటి బరువు కూడా తోడవుతుంది. సరిగ్గా ఇదే కిటుకుతో స్పెయిన్‌లోని సెవిల్ నగరంలో ఒక వంతెన నిలబడి ఉంది. పేరు అలమిల్లో. కట్టినాయన శాంటియాగో కలాత్రావా. ఆయన ఇంజనీరు, ఆర్కిటెక్టు, పైగా శిల్పి.

1951లో వలెన్సియా దగ్గర పుట్టాడు. అక్కడ ఆర్కిటెక్చర్ చదివి, అది చాలదనుకుని స్విట్జర్లాండ్ వెళ్లి, జ్యూరిక్‌లో మళ్లీ మొదటి నుంచీ సివిల్ ఇంజనీరింగ్ చదివాడు. అందం ఒకరు చూసుకుంటే బలం లెక్కలు ఇంకొకరు చూసుకోవడం లోకంలో మామూలే. ఈయన రెండూ ఒక్క బుర్రలోనే పెట్టుకున్నాడు. నాకు ఆయనలో బాగా నచ్చేది అదే.

1980ల్లో ఆయన ఒక శిల్పం చేశాడు. చలువరాతి ఘనాలను ఒకదాని మీద ఒకటి, ఏటవాలుగా పేర్చాడు. వట్టినే పేరిస్తే పడిపోతాయి. పడకుండా ఒక లోహపు తీగను బిగించి కట్టాడు. రాయి ఎంత నొక్కినా ఓర్చుకుంటుంది కానీ లాగితే విరుగుతుంది. తీగ సంగతి తిరగేసి: లాగితే బిగిసి నిలుస్తుంది, నొక్కితే వంగిపోతుంది. ఎవరికి తగిన పని వాళ్లకి అప్పగించాడన్నమాట.

ఆ బొమ్మే పెరిగి అలమిల్లో వంతెన అయింది. 1992లో సెవిల్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శన కోసం కట్టారు. మామూలు కేబుల్ వంతెనల్లో స్తంభానికి రెండు వైపులా తీగలుంటాయి. ఒక వైపు లాగుడును రెండో వైపు లాగుడు సరిచేస్తుంది. ఇక్కడ వెనకవైపు తీగలే లేవు! 142 మీటర్ల ఎత్తు స్తంభం 58 డిగ్రీల కోణంలో వెనక్కి వాలి, తన బరువుతోనే 200 మీటర్ల వంతెనను 13 జతల తీగలతో పట్టుకుని ఉంటుంది. అందుకే ఆ స్తంభానికి ఉక్కు తొడుగు వేసి, లోపల కాంక్రీటు నింపారు. ఇక్కడ బరువే బలం.

మరి వంతెన మీద వాహనాలు ఒకసారి కిక్కిరిసి, ఒకసారి ఖాళీగా ఉంటాయి కదా, స్తంభం బరువు మాత్రం మారదే అని అడగండి. అడగాల్సిన ప్రశ్నే. ఆ తేడాను తట్టుకోవడానికి వంతెన నడిమధ్యన పొడుగునా ఒక బలమైన ఉక్కుపెట్టె వెన్నెముకలా ఉంటుంది. దాని పైభాగమే కాలిబాట. మనుషులు నడుస్తుంటే కార్లు రెండు పక్కలా కాస్త కిందుగా పోతుంటాయి.

స్వీడన్‌లోని మాల్మో నగరంలో 2005లో పూర్తయిన టర్నింగ్ టోర్సో కూడా ఇలా ఆయన శిల్పంలోంచి పుట్టిందే. 190 మీటర్ల మేడ. తొమ్మిది దిమ్మెలుగా పైకి పోతూ, కింది నుంచి పై కొసకు 90 డిగ్రీలు మెలి తిరుగుతుంది. చూస్తే మనిషి నడుం తిప్పి నిలబడ్డట్టే. లోపల మాత్రం నిటారైన గుండ్రటి కాంక్రీటు గొట్టం ఉంటుంది, బరువు చాలావరకు దాని మీదే.

అన్నీ ఇంత బాగా కుదరలేదు. వెనిస్‌లో 2008లో తెరిచిన ఆయన వంతెన మెట్లకు గాజుపలకలు వేశారు. తడిస్తే పాదానికి పట్టు చిక్కదు. జనం జారిపడ్డారు. చివరికి గాజు తీసి రాయి పరచాలని నగరం వాళ్లు నిర్ణయించారు. కాలికీ నేలకీ మధ్య ఉండే ఘర్షణ లెక్క కూడా వంతెన లెక్కే.

బాగా కుదిరినవాటికి మళ్లీ వస్తే, అమెరికాలో మిల్వాకీ ఆర్ట్ మ్యూజియం మీద 2001లో ఆయన ముడుచుకునే రెక్కలు పెట్టాడు. విప్పితే ఈ కొస నుంచి ఆ కొసకు 66 మీటర్లు. మొత్తం 72 ఉక్కు ఈనెలు. జ్యూరిక్‌లో ఆయన డాక్టరేట్ చేసింది ఇలా ముడుచుకునే చట్రాల మీదనే. గాలి వేగం రెండింతలైతే తోపు నాలుగింతలవుతుంది. అందుకని గాలి గంటకు 37 కిలోమీటర్లు దాటి మూడు సెకన్లకు మించి వీస్తే, సెన్సర్లు కనిపెట్టి రెక్కలు వాటంతటవే ముడుచుకునేలా చేస్తాయి. అక్కడ మీకు బంధువులుంటే మధ్యాహ్నం పన్నెండింటికి వెళ్లి చూడమనండి. ఆ వేళకు రెక్కలు ఒకసారి మూసి, మళ్లీ తెరుస్తారు.