1బీ సరిగ్గా ఉంటే రుణం సులువే..!

అమలాపురం: సార్వా నారుమళ్లు పోసే వేళకు రైతు చేతిలో సొమ్ము ఆడాలి. విత్తనాలు, దమ్ము చేసే ట్రాక్టరు బాడుగ, ఎరువులు, నాట్ల కూలీలు.. ఏదీ వాయిదా వేసుకునే ఖర్చు కాదు. ఆ సమయానికి బ్యాంకు రుణం అందకుంటే ఆ లోటు పూడ్చేది ధాన్యం కమీషన్‌దారో, ఊళ్లోని వడ్డీ వ్యాపారో. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి లక్ష రూపాయలు తెచ్చిన రైతు నెలకు రూ.2,000 కట్టాలి. అదే లక్షకు కిసాన్‌ క్రెడిట్‌ కార్డుపై ఏడు శాతం వార్షిక వడ్డీ లెక్కన నెలకు పడేది సుమారు రూ.583 మాత్రమే. రూ.3 లక్షల వరకు రుణాన్ని గడువులోగా తీర్చిన వారికి కేంద్రం మరో మూడు శాతం రాయితీ ఇస్తుండటంతో ఆ భారం రూ.333కు దిగుతుంది. భూమి ఎవరిదో తేల్చుకోవడానికి బ్యాంకుకు పట్టే ప్రతి రోజూ ఈ తేడా రైతు జేబు నుంచే పోతోంది. భూ రికార్డుల కంప్యూటరీకరణ కోనసీమ రైతుకు ఎందుకు ముఖ్యమో చెప్పేందుకు ఈ లెక్క చాలు.

సంచి నిండా కాగితాలు

పంట రుణం కోసం బ్యాంకు మెట్లెక్కిన రైతు గతంలో వెంట తీసుకెళ్లాల్సిన పత్రాలు అన్నీ ఇన్నీ కావు. పట్టాదారు పాసుపుస్తకం, టైటిల్‌ డీడ్‌, గ్రామ రెవెన్యూ అధికారి సంతకంతో అడంగల్‌ నకలు, తహసీల్దార్‌ కార్యాలయం నుంచి 1బీ నకలు, సబ్‌ రిజిస్ట్రార్‌ కార్యాలయం నుంచి ఈసీ, చుట్టుపక్కల బ్యాంకులు, సహకార సంఘం నుంచి బాకీ లేదన్న ధ్రువపత్రాలు. వీటిలో ఒక్కటి తగ్గినా మళ్లీ రమ్మనేవారు. ఒక్కో పత్రం ఒక్కో కార్యాలయంలో ఉండటంతో ఇవన్నీ సమకూరేసరికి నాట్లు పూర్తయ్యేవి. బ్యాంకుకు పదేపదే తిరగాల్సి వస్తోందని, రుణం చేతికందడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతోందని 2022లో రిజర్వు బ్యాంకే పేర్కొంది.

ఇంత చేసినా బ్యాంకుకు నమ్మకం కుదిరేదా అంటే అదీ లేదు. పాసుపుస్తకం చేతిరాత పుస్తకం. అందులోని సర్వే నంబరు, విస్తీర్ణం తహసీల్దార్‌ కార్యాలయంలోని రికార్డుతో సరిపోలుతున్నాయో లేదో చూడాలంటే మనిషిని పంపాల్సిందే. నకిలీ పాసుపుస్తకాలతో రుణాలు కాజేసిన ఉదంతాలు రాష్ట్రంలో పలుచోట్ల వెలుగు చూశాయి. దీంతో అసలైన రైతునూ అనుమానంతో చూడటం బ్యాంకు సిబ్బందికి అలవాటైంది. టైటిల్‌ డీడ్‌ బ్యాంకు బీరువాలో చేరితే అప్పు తీరేదాకా బయటకు వచ్చేది కాదు. అన్నదమ్ముల పంపకాలో, పిల్ల పెళ్లికి అరెకరం అమ్మకమో ఎదురైతే రైతు చేతిలో కాగితం ఉండేది కాదు.

బ్యాంకు తెరపై ఏం కనిపిస్తుంది?

రాష్ట్రంలో రెవెన్యూ రికార్డులు వెబ్‌ల్యాండ్‌లో ఉన్నాయి. 2015లో వచ్చిన మీభూమి పోర్టల్‌ ద్వారా రైతు తన 1బీ, అడంగల్‌లను తానే చూసుకోవచ్చు. బ్యాంకు సిబ్బంది చూసేది ఈ రికార్డునే. ఖాతా నంబరు లేదా సర్వే నంబరు నమోదు చేస్తే పట్టాదారు పేరు, తండ్రి పేరు, విస్తీర్ణం, భూమి స్వభావం, అది ఏ విధంగా సంక్రమించిందన్న వివరాలు తెరపైకి వస్తాయి. గ్రామానికి మనిషిని పంపి నిర్ధారించుకోవాల్సిన అంశం నిమిషాల్లో తేలిపోతుంది.

అయితే వేగం పెరగడానికి అసలు కారణం పేరు కనిపించడం కాదు, అప్పు కనిపించడం. రుణం మంజూరైన వెంటనే బ్యాంకు ఆ సర్వే నంబరుపై ‘చార్జి’ నమోదు చేస్తుంది. ఏ బ్యాంకు, ఏ శాఖ రుణం ఇచ్చిందో రికార్డుకెక్కుతుంది. అదే భూమిని చూపి ఆ రైతు మరో బ్యాంకుకు వెళితే అక్కడి సిబ్బందికి ఆ విషయం తెరపైనే తెలిసిపోతుంది. ఇక చుట్టుపక్కల శాఖలన్నీ తిరిగి బాకీ లేదన్న కాగితాలు తేవాల్సిన అవసరమేముంది? టైటిల్‌ డీడ్‌ను బీరువాలో దాచుకోవాల్సిన అవసరమూ తగ్గింది. భూమిపై హక్కు రైతుదని చెప్పే రికార్డు, దానిపై అప్పు ఉందని చెప్పే రికార్డు ఒక్కచోటికి రావడమే ఈ మార్పులోని కీలకం.

చిన్న రుణాలకు భూమిని తనఖా పెట్టాల్సిన పనే లేదు. హామీ లేకుండా ఇచ్చే వ్యవసాయ రుణ పరిమితిని రిజర్వు బ్యాంకు రూ.1.60 లక్షల నుంచి రూ.2 లక్షలకు పెంచింది. ఇది 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అయినా రికార్డు చూడక తప్పదు. ఎకరాకు ఇంతని ఖరారు చేసిన రుణ పరిమితిని సాగు విస్తీర్ణంతో హెచ్చించి రుణ మొత్తాన్ని లెక్క కడతారు. 1బీలో 40 సెంట్లు తక్కువ నమోదైతే ఆ మేరకు రుణమూ తగ్గుతుంది.

ఈ పద్ధతిని మరో అడుగు ముందుకు తీసుకెళ్లేందుకు రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో మధ్యప్రదేశ్‌, తమిళనాడుల్లో ప్రయోగాత్మకంగా డిజిటల్‌ కిసాన్‌ క్రెడిట్‌ కార్డు రుణాలకు శ్రీకారం చుట్టింది. రాష్ట్రాల భూ రికార్డులు, ఆధార్‌ ధ్రువీకరణ వంటి వివరాలను బ్యాంకులు ఒకే వేదిక నుంచి పొందేలా 2023 ఆగస్టులో మరో ప్రయోగం మొదలుపెట్టింది. దానికే 2024లో యూనిఫైడ్‌ లెండింగ్‌ ఇంటర్‌ఫేస్‌ అని పేరు పెట్టారు.

ఇంటి రుణానికి దారి వేరు

పట్టణంలో స్థలంపైనో, ఇంటిపైనో రుణం కోరేవారికి 1బీ పనికిరాదు. వారికి ఈసీయే ఆధారం. ఉమ్మడి రాష్ట్రంలో రిజిస్ట్రేషన్‌ కార్యాలయాల కంప్యూటరీకరణ 1998లో ‘కార్డ్‌’ పేరిట మొదలైంది. ప్రస్తుతం 1983 నుంచి జరిగిన లావాదేవీలకు ఆన్‌లైన్‌లో ఈసీ లభిస్తోంది. అంతకు ముందువి కావాలంటే సబ్‌ రిజిస్ట్రార్‌ కార్యాలయంలో పాత పుస్తకాలు వెతికించుకోవాల్సిందే. బ్యాంకు న్యాయవాది లింకు దస్తావేజులు అడుగుతారు కాబట్టి ఆన్‌లైన్‌ ఈసీతోనే పని పూర్తికాదు. దస్తావేజులు కుదువపెట్టి తీసుకున్న రుణాల వివరాలను బ్యాంకులు నమోదు చేసేందుకు 2011లో ‘సెర్సాయ్‌’ అనే కేంద్ర రిజిస్ట్రీ ఏర్పాటైంది. ఒకే ఇంటిని రెండు బ్యాంకులకు చూపే మోసాలకు అడ్డుకట్ట వేయడం దీని ఉద్దేశం.

తప్పు కూడా అంతే వేగంగా..

తెరపై ఉన్నదే బ్యాంకుకు ప్రమాణమైనప్పుడు తెరపై లేనివాడి సంగతేమిటన్నది అసలు ప్రశ్న. వెనుకటి రోజుల్లో కాగితంలో పొరపాటుంటే గ్రామంలో నలుగురిని విచారించి సర్దుకునేవారు. ఇప్పుడు బ్యాంకు సిబ్బందికి ఆ వెసులుబాటు లేదు. పేరు లేదంటే లేదనే జవాబు.

ఎక్కువమందికి ఎదురవుతున్న చిక్కు వారసత్వానిది. తండ్రి మరణించి ఏళ్లు గడిచినా ఖాతా ఆయన పేరునే ఉంటుంది. అన్నదమ్ములు నోటిమాటగా పంచుకుని ఎవరి చెక్క వారు సాగు చేసుకుంటారు. ఊళ్లో అందరికీ తెలిసిన ఈ పంపకం వెబ్‌ల్యాండ్‌కు తెలియదు. మ్యుటేషన్‌ కాకుండా కుమారుల్లో ఏ ఒక్కరికీ రుణం పుట్టదు.

పునఃసర్వే జరిగిన గ్రామాల్లో మరో ఇబ్బంది తలెత్తింది. అక్కడ పాత సర్వే నంబర్ల స్థానంలో ల్యాండ్‌ పార్సిల్‌ మ్యాప్‌ నంబర్లు వచ్చాయి. హద్దులు విడదీయకుండా కొన్నిచోట్ల ఇద్దరు ముగ్గురు రైతులకు, ఇంకా ఎక్కువమందికి సైతం కలిపి ఒకే నంబరు కేటాయించారు. జాయింట్‌ ఎల్‌పీఎంలుగా పిలుస్తున్న వీటిలో ఎవరి వాటా ఎక్కడుందో తేలక రుణాలకు, అమ్మకాలకు ఆటంకం ఏర్పడింది. కొత్త కొలత పాత పేచీని తీర్చకపోగా పక్క రైతును కూడా అందులోకి లాగింది.

అప్పు తీర్చిన వారికీ తంటా తప్పడం లేదు. బాకీ చెల్లించిన తరువాత చార్జిని తొలగించాల్సింది బ్యాంకే. ఆ పని జరగకపోతే రుణం తీరినా రికార్డులో అప్పు అలాగే నిలిచి ఉంటుంది. మరో బ్యాంకు కొత్త రుణం ఇవ్వదు, కొనడానికి వచ్చినవారు వెనుకంజ వేస్తారు. బాకీ తీరిన రసీదుతో సరిపెట్టుకోకుండా కొద్దిరోజుల తరువాత మీభూమిలో 1బీ తెరిచి చార్జి పోయిందో లేదో రైతే చూసుకోవడం మేలు.

1971 నాటి పట్టాదారు పాసుపుస్తకాల చట్టం ప్రకారం పేరు, విస్తీర్ణంలో తప్పులుంటే తహసీల్దార్‌కు దరఖాస్తు చేసుకోవాలి. ఆయన ఉత్తర్వు సమ్మతం కాకుంటే ఆర్డీవోకు అప్పీలు, ఆపైన జాయింట్‌ కలెక్టర్‌కు రివిజన్‌ చేసుకునే వీలుంది. మ్యుటేషన్‌కు ముందు నోటీసులిచ్చి అభ్యంతరాలు స్వీకరించాలి కాబట్టి దానికి గడువు పడుతుంది. సార్వా రుణం కావాల్సిన వారు నారుమడి పోశాక తహసీల్దార్‌ కార్యాలయానికి పరుగెత్తితే ప్రయోజనం ఉండదు. దాళ్వా కోతలయ్యాక దొరికే వేసవి విరామమే ఇందుకు అనువైన సమయం.

సరిదిద్దే దారి మూసుకుంటే ఏమవుతుందో పొరుగున తెలంగాణ అనుభవం చెబుతోంది. అక్కడ 2020 అక్టోబరు 29న ప్రారంభించిన ధరణిలో వ్యవసాయ భూమి రిజిస్ట్రేషన్‌, మ్యుటేషన్‌ తహసీల్దార్‌ కార్యాలయంలోనే ఒకేసారి పూర్తయ్యేవి. వేగంలో దానికి సాటిలేదు. కానీ రికార్డులో తప్పు దొర్లితే రెవెన్యూ అధికారుల వద్ద అప్పీలుకు తావులేక రైతులు సివిల్‌ కోర్టు గడప తొక్కాల్సి వచ్చింది. దాని స్థానంలో 2025 ఏప్రిల్‌ 14న ప్రారంభమైన భూభారతిలో అప్పీలు వ్యవస్థను తిరిగి ప్రవేశపెట్టారు.

ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. 1బీలో పేరున్నంత మాత్రాన యాజమాన్య హక్కు తిరుగులేనిదైపోదు. రెవెన్యూ రికార్డులోని నమోదు హక్కును ప్రసాదించదని సుప్రీంకోర్టు పలు తీర్పుల్లో స్పష్టం చేసింది. రికార్డులోని పేరుకే తుది హక్కు కల్పించే ఉద్దేశంతో తెచ్చిన భూ యాజమాన్య హక్కు చట్టం రాష్ట్రంలో 2023 అక్టోబరులో అమల్లోకి వచ్చి, తీవ్ర విమర్శల నడుమ 2024లో రద్దయింది. కాబట్టి పెద్ద మొత్తంలో రుణానికి బ్యాంకులు న్యాయవాది అభిప్రాయం కోరడాన్ని అనవసర జాప్యంగా భావించలేం.

కౌలు రైతు ఎక్కడ?

ఇంతవరకు చెప్పుకున్నదంతా పట్టా ఉన్నవారి గురించే. గోదావరి డెల్టాలో నాగలి పట్టేవారిలో అధికులు కౌలుదారులు. భూ యజమాని హైదరాబాద్‌లోనో, గల్ఫ్‌లోనో ఉంటాడు. మక్తా మాత్రం ఏటా కొలిచి ఇవ్వాలి. 2011లో సార్వా సాగుకు విరామం ప్రకటించిన కోనసీమలో పెట్టుబడి భారం ఎవరిపై పడుతుందో వేరే చెప్పనక్కరలేదు. వెబ్‌ల్యాండ్‌లో కనిపించేది యజమాని పేరు. ఆయన తన భూమిపై ఎక్కడో ఒక శాఖలో పంట రుణం తీసుకుంటే ఆ సర్వే నంబరుపై చార్జి పడుతుంది. అదే పొలాన్ని దున్నుతున్న కౌలుదారు వెళ్లేసరికి ఆ భూమిపై ఇప్పటికే అప్పుందని తెర చెబుతుంది. కాగితాల కాలంలో వారాల తరబడి తిరిగి తెలుసుకునే తిరస్కరణ ఇప్పుడు నిమిషంలో తెలుస్తోంది, అంతే తేడా.

2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం కింద 11 నెలల గడువుతో కౌలుదారుకు సాగు హక్కు పత్రం ఇస్తారు. దానికి యజమాని సంతకం కావాలి. ఒకసారి సంతకం చేస్తే భూమిపై హక్కు పోతుందేమోనన్న భయంతో చాలామంది ముందుకు రావడం లేదు. ఆ పత్రం యాజమాన్యానికి సంబంధించినది కాదని చట్టం చెబుతున్నా భయం వీడలేదు. ఏ సర్వే నంబరులో ఎవరు ఏ పంట వేశారన్నది ఈ-పంటలో సీజనుకోసారి నమోదవుతూనే ఉంది. 1బీ చూసి యజమానికి రుణమిచ్చే బ్యాంకు, ఈ-పంటను చూసి సాగుదారుకు రుణమివ్వాలన్నది కౌలు రైతుల కోరిక.