నిన్నటి బిల్డ్ ఇవాళ ఎందుకు ఆగింది?

"కోడ్‌లో ఒక్క అక్షరం మార్చలేదు తాతయ్యా! నా ల్యాప్‌టాప్‌లో చక్కగా నడుస్తోంది, సర్వర్‌లో బిల్డ్ చేస్తే మాత్రం పడిపోతోంది. కంటెయినర్ అంటే ఎక్కడైనా ఒకేలా నడవాలి కదా?" అన్నావు. అడగాల్సిన ప్రశ్నే అడిగావమ్మా.

డాకర్ 2013లో వచ్చినప్పటి నుంచీ మాట తప్పలేదు. ఒకసారి తయారైన ఇమేజ్‌ని ఎక్కడికి మోసుకెళ్లినా లోపలి సరుకు మారదు. కానీ తయారయ్యేటప్పుడు ఏ సరుకు లోపలికి వస్తుందన్నది వేరే సంగతి. పైతాన్‌లో ఆ పని పిప్‌ది. ఎవరూ హద్దు పెట్టని ప్యాకేజీ అయితే అది ఆ రోజుకు దొరికే కొత్త వెర్షన్ తెచ్చి పెడుతుంది.

2024 జూన్ 16న నంపై అనే ప్యాకేజీ 2.0 విడుదలయ్యాక ఇలాగే ఎంతోమంది బిల్డ్‌లు ఆగాయి, నీదీ ఆ కోవలోదే. 2006లో 1.0 వచ్చిన తరువాత మొదటి అంకె మారడం అదే తొలిసారి. పాండాస్ 2.0.3 అని రిక్వైర్‌మెంట్స్ ఫైల్లో గట్టిగా రాసుకున్నవాళ్లు కూడా నంపై ఊసెత్తి ఉండరు. పాండాసే దాన్ని వెంటబెట్టుకు వస్తుంది మరి. ఆ పాండాస్ అడిగేదల్లా ఫలానా వెర్షన్ గానీ ఆపైది గానీ అని. పైహద్దు చెప్పలేదు. 2.0 కూడా ఆపైదే గనుక పిప్ తెచ్చేసింది. అందులో పిప్ తప్పేమీ లేదు.

ఇన్‌స్టాల్ సాఫీగా అయిపోయింది. ఇంపోర్ట్ పాండాస్ అనగానే ఎర్రర్ పడింది: సి హెడర్ ప్రకారం 96 ఉండాలి, 88 కనిపించింది అని. అవి బైట్లు. పాండాస్‌లో చాలా భాగం ముందే కంపైల్ చేసి పెట్టిన కోడ్. కంపైల్ చేసిన నాడు నంపైలోని డీటైప్ అనే నిర్మాణం సైజు 96, 2.0లో అది 88. వడ్రంగి గుమ్మం కొలత తీసుకెళ్లి తలుపు చేసి తెచ్చేలోగా మేస్త్రీ గుమ్మాన్నే కుదించేశాడనుకో, తలుపులోనూ గుమ్మంలోనూ లోపం లేకపోయినా ఒకదాన్లో ఒకటి పట్టదు.

మరి నీ ల్యాప్‌టాప్‌లో ఎందుకు నడిచిందంటే, కాష్ వల్ల. రిక్వైర్‌మెంట్స్ ఫైల్ మారలేదు గనుక డాకర్ పిప్‌ని మళ్లీ పిలవనే లేదు, ఎప్పుడో కట్టిన పాత లేయర్‌నే వాడుకుంది. సర్వర్ దగ్గర ఆ కాష్ లేదు. నో-కాష్ పెట్టి ఒకసారి బిల్డ్ చేసి నడిపి చూడు, నీ ల్యాప్‌టాప్‌లోనూ అదే ఎర్రర్ కనిపిస్తుంది. ముందు చెయ్యాల్సిన పరీక్ష ఇదే. ఇది చెయ్యకుండా సర్వర్ సెట్టింగులు కెలుకుతూ పొద్దంతా గడిపేవాళ్లని చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

ఇవాల్టికి గండం గడవాలంటే నంపై 2 కంటే తక్కువ ఉండాలని ఒక్క వరుస రాస్తే చాలు. రేపు ఇంకో ప్యాకేజీ ఇలాగే చెయ్యకూడదంటే మాత్రం లాక్ ఫైల్ కావాలి. నువ్వు అడిగినవి ఒక ఫైల్లో రాసుకో. వాటినీ, వాటి వెనకాల వచ్చేవాటన్నిటినీ కచ్చితమైన వెర్షన్లతో సహా ఇంకో ఫైల్లోకి, అంటే లాక్ ఫైల్లోకి, పిప్-కంపైల్ అనే పనిముట్టు రాసి పెడుతుంది. బిల్డ్ ఎప్పుడూ ఆ రెండో ఫైల్ నుంచే జరగాలి. బేస్ ఇమేజ్ పేరు పక్కన లేటెస్ట్ అని రాయకు, అదీ కదిలిపోయేదే.

పిప్ చెక్ ఒక్కదాన్నే నమ్ముకోకు తల్లీ. అది కాగితం మీది షరతులే చూస్తుంది, కాబట్టి ఈ గొడవలో అంతా సవ్యంగానే ఉందంటుంది. ఇన్‌స్టాల్ వరుస కిందే పాండాస్‌ని ఇంపోర్ట్ చేసే వరుస ఒకటి డాకర్‌ఫైల్‌లో పెట్టు. తేడా ఉంటే బిల్డ్ అక్కడే ఆగుతుంది, వాడేవాళ్ల దాకా పోదు.

లాక్ ఫైల్‌ని కోడ్‌తో పాటే గిట్‌లో దాచు. అలాగని పాత వెర్షన్ల దగ్గరే ఏళ్లకేళ్లు ఉండిపోవద్దు, భద్రతా సవరణలు అందకుండా పోతాయి. పాండాస్ 2.2.2 నంపై 2.0తో పనిచేస్తుంది. ఈ వారం తీరిక చూసుకుని రెండిటినీ కలిపి మార్చు.