పాలే పడకపోతే...

ఆరో నెల వచ్చింది. మంచిరోజు చూసి అన్నప్రాశన పెట్టుకున్నారు. మేనమామ ఒళ్లో కూర్చోబెట్టుకుని వెండిగిన్నెలోని పరమాన్నం రెండు మెతుకులు నాకించాడు. పది నిమిషాలు గడిచాయో లేదో... బుగ్గల మీద ఎర్రటి దద్దుర్లు, ఉబ్బిన పెదవి, ఆ వెంటనే వాంతి. 'అంతమంది కళ్లూ పడ్డాయి మరి' అంటూ నాయనమ్మ ఉప్పూ మిరపకాయలూ తిప్పుతుంది. ఎచ్చెర్ల చుట్టుపక్కల పల్లెల్లోనే కాదు, మన ఇళ్లలో ఎక్కడైనా పెద్దవాళ్లకు ముందు తోచేది అదే. దిష్టి తీస్తే వచ్చే నష్టమేమీ లేదు. కానీ అనుమానించాల్సింది గిన్నెలోని పాలను!

ఆవుపాలలోని కేసీన్, వే అనే మాంసకృత్తులను కొందరు పసివాళ్ల శరీరం శత్రువులుగా భావిస్తుంది. వాటిమీద యుద్ధం ప్రకటిస్తుంది. అదే పాల అలర్జీ. అలర్జీ అన్న మాటను 1906లో పుట్టించింది కూడా వియన్నాకు చెందిన ఓ పిల్లల వైద్యుడే, పేరు క్లెమెన్స్ వాన్ పిర్కే.

పాలు తాగిన నిమిషాల్లో, మహా అయితే రెండు గంటల్లో బయటపడే రకాన్ని గుర్తించడం తేలికే. దద్దుర్లతోపాటు ఆయాసం, పిల్లికూతలు, బిడ్డ వాలిపోవడం కనిపిస్తే మాత్రం క్షణం ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయాలి. అలాంటి బిడ్డకు 'మళ్లీ ఓసారి పట్టి చూద్దాం' అని ఇంట్లో ప్రయోగాలు చేయకూడదు.

చిక్కల్లా రెండోరకంతోనే. గంటల తర్వాత, ఒక్కోసారి రెండుమూడు రోజులకు గానీ లక్షణాలు కనపడవు. విరేచనంలో జిగురు, సన్నటి రక్తపు చారలు. ఆగని నీళ్ల విరేచనాలు. ఎంత పూసినా తగ్గని గజ్జి లాంటి పొక్కులు. పెరగని బరువు, పాలిపోయిన ముఖం. అజీర్తి అని ఒకరు, పళ్లు వస్తున్నాయని మరొకరు అంటుంటే నెలలు దొర్లిపోతాయి. రక్తపరీక్షలోనూ ఈ రకం దొరకదు.

తల్లిపాలే తాగే బిడ్డకూ ఇది రావచ్చు. అమ్మ తాగిన ఆవుపాల మాంసకృత్తులు కొద్దిగా చనుబాలలోకి చేరతాయి. 'పాలు తాగితేనే పాలు పడతాయి' అని బాలింతకు గ్లాసులకొద్దీ పట్టించే ఇళ్లలో ఈ సంగతి ఎవరికి తడుతుంది? అలాగని చనుబాలు మాన్పించక్కర్లేదు, మాన్పించకూడదు కూడా. వైద్యులు చెబితే తల్లే రెండు నుంచి నాలుగు వారాలు పాలు, పెరుగు, మజ్జిగ, కోవా, జున్ను మానేసి, బదులుగా క్యాల్షియం మాత్రలు వేసుకోవాలి. బిడ్డ తేరుకుంటే మళ్లీ మొదలుపెట్టి చూస్తారు. లక్షణాలు తిరిగొస్తే రోగం నిర్ధారణ అయినట్టే.

డబ్బాపాలు తాగే పిల్లలకైతే మాంసకృత్తులను ముక్కలు ముక్కలుగా విడగొట్టి తయారుచేసిన ప్రత్యేక పాలపొడి రాస్తారు. ఖరీదెక్కువ. అందుకే చాలామంది గేదెపాలకో, మేకపాలకో మారిపోతుంటారు. ఫలితం ఉండదు. వాటిలోని మాంసకృత్తులూ దాదాపు ఆవుపాలవాటికి అన్నదమ్ములే! గంజినీళ్లు, కొబ్బరినీళ్లు పాలకు బదులు కావు. ఇంకో పొరపాటూ జరుగుతుంటుంది... లాక్టోజ్ పడకపోవడం వేరు, ఇది వేరు. అది పాలలోని చక్కెర అరగకపోవడం. పసివాళ్లలో ఎక్కువగా విరేచనాలు పట్టుకున్నాక కొన్నాళ్లుండి పోతుంది.

మరి ఏడ్చిన ప్రతి బిడ్డకూ అలర్జీయేనా? కాదు. పాలు కక్కడం, మొదటి మూడు నెలల్లో సాయంత్రమయ్యేసరికి గుక్కపట్టి ఏడవడం చాలామందిలో మామూలే. బరువు చక్కగా పెరుగుతుంటే కంగారు అక్కర్లేదు. అనవసరంగా పాలు మాన్పిస్తే తల్లీబిడ్డలకు పోషకాలే దూరమవుతాయి. అనుమానం ఉంటే ఎచ్చెర్లవాసులకు శ్రీకాకుళం రిమ్స్ దగ్గరే. ఏం తాగిన ఎంతసేపటికి ఏమైందో ఓ కాగితం మీద రాసుకెళితే వైద్యుల పని సగం తేలికవుతుంది. దద్దుర్లను సెల్‌ఫోన్‌లో ఫొటో తీసుకోవడం ఇంకా మంచిది, ఆసుపత్రికి చేరేలోపు అవి మాయమైపోతుంటాయి మరి.

అలర్జీ అని తేలితే దుకాణం సరుకుతోనూ జాగ్రత్త తప్పదు. బిస్కెట్లు, బ్రెడ్డులలోనూ పాలపొడి ఉంటుంది. 2020 నాటి ఆహార లేబుళ్ల నిబంధనల ప్రకారం పాలు కలిస్తే ఆ సంగతి ప్యాకెట్ మీద రాయాల్సిందే.

ఎక్కువమంది పిల్లల్లో అయిదేళ్లలోపే ఇది దానంతటదే తగ్గిపోతుంది. అందుకే ఆరునెలలకో, ఏడాదికో వైద్యులు మళ్లీ పరీక్షించి చూస్తారు. ముందు బాగా కాలిన బిస్కెట్ ముక్క, అది పడితే పెరుగు, చివరగా పాలు.